హెడ్‌ఫోను తెగితే తప్పు ఎవరిది?

రైల్వేలో ఒక సిగ్నల్ పరికరాన్ని మరమ్మతు కోసం విడదీయాలంటే సిగ్నల్ సిబ్బంది ముందుగా స్టేషన్ మాస్టరుకు డిస్‌కనెక్షన్ మెమో ఇస్తారు. ఆయన సంతకం చేయనిదే పని మొదలుకాదు. పని ముగిసిన పిదప రీకనెక్షన్ మెమో వస్తుంది. అది చేతికి అందేవరకు ఆ పరికరం సరిగా ఉన్నదని ఎవరూ భావించరు. తపాలా శాఖలోనూ ఇదే సంప్రదాయం మరొక రూపంలో ఉన్నది. సీలు చెదిరిన సంచి అందితే, అందుకొన్న ఉద్యోగి దానిని తెరవకముందే ఆ సంగతిని నమోదు చేయిస్తాడు. లోపం ఎక్కడ పుట్టినదో తేలకుండా దానిని ఒక మనిషి మీద మోపరాదన్నది ఈ రెండు శాఖలూ తమ అనుభవం నుండి నేర్చుకొన్న నీతి.

కంప్యూటరు ముందు కూర్చొన్న ఉద్యోగికి మాత్రం ఈ నీతి వర్తించడం లేదు. శిక్షణ పాఠం మధ్యలో హెడ్‌ఫోను కనెక్షన్ తెగిపోతుంది. కొద్ది క్షణాలకు దానంతట అదే కలుస్తుంది. మళ్ళీ తెగుతుంది. ఎన్నిసార్లు తెగినదీ, ఎంతసేపు తెగినదీ ఏ రిజిస్టరులోనూ ఉండదు. మిగిలేది ఒక్కటే: ఫలానా ఉద్యోగి పాఠాన్ని సకాలంలో పూర్తిచేయలేదు, ఫలానా ఉద్యోగికి పరీక్షలో మార్కులు తగ్గినవి. పరికరం లోపం మనిషి ఖాతాలో జమ అవుతున్నది. దీనిని మేము అంగీకరించలేము. తెగిపోయే హెడ్‌ఫోనుకు కారణాలు ఉన్నవి. వాటిని ఒక క్రమంలో వెదకి పట్టుకొనవచ్చును. ఆ వెదకడానికి అవసరమైన పరికరాలూ, సమయమూ, అధికారమూ సమకూర్చవలసిన బాధ్యత యాజమాన్యానిది. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఇదే.

శిక్షణ మారినది, బాధ్యత మారలేదు

ఒకప్పుడు శిక్షణ అంటే ఉద్యోగిని మైసూరులోని తపాలా శిక్షణ కేంద్రానికో, మౌలాలిలోని రైల్వే శిక్షణ సంస్థకో పంపడం. ఆ కేంద్రాలు నేటికీ ఉన్నవి. కాని శిక్షణలో పెద్ద భాగం కంప్యూటరు తెర మీదికి తరలిపోయినది. కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరులో మిషన్ కర్మయోగి పథకాన్ని ఆమోదించినది. ఆ పథకం క్రింద ఐగాట్ అనే వేదిక మీద వివిధ శాఖల ఉద్యోగులకు పాఠాలు అందుతున్నవి. తపాలా శాఖ తన సిబ్బంది కోసం, గ్రామీణ డాక్ సేవకులతో సహా, డాక్ కర్మయోగి పోర్టల్‌ను 2022 జూన్ 28న ప్రారంభించినది. ఇది చాలదన్నట్టు సమీక్షా సమావేశాలు కూడా వీడియో ద్వారా జరగడం 2020 నాటి మహమ్మారి కాలం నుండి మామూలైపోయినది.

శిక్షణకు మేము వ్యతిరేకులము కాము. దూరపు ఊళ్ళకు పోకుండా, కుటుంబాన్ని విడిచి ఉండకుండా కొత్త పని నేర్చుకొనగలగడం ఉద్యోగికి మేలే. అయితే ఒక్క విషయం గమనించాలి. తరగతి గదిలో బోధకుని మాట చివరి వరుసలో కూర్చొన్న వానికి కూడా వినబడేటట్టు చూచే బాధ్యత శిక్షణ కేంద్రానిది. గదిలో మైకు చెడిపోతే పాఠం ఆగేది గాని, విద్యార్థికి సున్నా వేసేవారు కారు. నేడు ఆ మైకూ, ఆ గదీ ఉద్యోగి చెవి దగ్గరికి కుదించుకొని వచ్చినవి. వాటిని కొనే ఖర్చు, బాగుచేసే శ్రమ, చెడిపోయినప్పుడు పడే నింద అన్నీ అతని మీదికే వచ్చినవి. పద్ధతి మారినది కనుక బాధ్యత కూడా చేతులు మారినదని ఎవరూ ఉత్తరువు ఇవ్వలేదు. చడీచప్పుడు లేకుండా అది మారిపోయినది.

మన శాఖలకు హెడ్‌ఫోను కొత్త వస్తువేమీ కాదు. రైల్వే కంట్రోల్ కార్యాలయంలో సెక్షన్ కంట్రోలరు తన సెక్షన్‌లోని స్టేషన్లన్నింటినీ ఒకే తీగ మీద వింటూ బండ్లను నడిపించిన రోజులు పాతవారికి తెలుసు. తపాలా తంతి శాఖ 1985లో రెండుగా విడిపోకముందు టెలిఫోను ఎక్స్‌ఛేంజీలలో ఆపరేటర్లు హెడ్‌సెట్టు తలకు తగిలించుకొని, ప్లగ్గులు మార్చి మార్చి ఊళ్ళను కలిపేవారు. నేడు సంగీత పరికరాలలో కనిపించే 6.35 మిల్లీమీటర్ల లావు ప్లగ్గు 19వ శతాబ్దపు టెలిఫోను స్విచ్‌బోర్డుల నుండి వచ్చినదే. కంప్యూటరుకు పెట్టే 3.5 మిల్లీమీటర్ల ప్లగ్గు దాని చిన్న తమ్ముడు. ఆనాడు ఆ పరికరం శాఖ ఆస్తి. ఆపరేటరు తన జీతంలో నుండి హెడ్‌సెట్టు కొని తెచ్చుకోవాలని ఎవరూ అనలేదు.

శంకర్ నగర్‌లో విన్నది

ఈ సమస్య ఎంతవరకు వ్యాపించినదో తెలుసుకొనడానికి మేము పెద్ద నగరాలకు పోలేదు. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లోని శంకర్ నగర్‌లో కొందరు తెలుగు ఉద్యోగులతో మాట్లాడినాము. రాయ్‌పూర్‌కూ తెలుగు నేలకూ రైలు బంధం పాతది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో, 1931లో, రాయ్‌పూర్–విజయనగరం మార్గం పూర్తి అయినది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినది. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడి, రాయ్‌పూర్ అందులో ఒక డివిజన్ అయినది. ఆ మార్గం వెంట ఉత్తరాంధ్ర నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలలో రెండవ తరం, మూడవ తరం వారు నేడు కేంద్ర ప్రభుత్వ శాఖలలో పనిచేస్తున్నారు.

శంకర్ నగర్ ఇళ్ళు, అంగళ్ళు, కార్యాలయాలు దగ్గర దగ్గరగా కలిసిన పేట. అపార్టుమెంటులో గోడకు అటు ఒక వైఫై, ఇటు ఒక వైఫై. ఒకే గదిలో పిల్లలు చదువుకొంటూ ఉంటారు కనుక పాఠాన్ని స్పీకరులో పెట్టే వీలు లేదు. హెడ్‌ఫోను తప్పనిసరి. మేము మాట్లాడిన వారిలో ఒక సోదరి తన బాధను ఇట్లు చెప్పినది: "పాఠం హిందీలో నడుస్తుంది. మాట మధ్యలో తెగితే ఏ క్రియాపదం పోయినదో తెలియదు. చేయాలన్నాడో చేయరాదన్నాడో పరీక్షలో ఊహించి రాయాలి." ఇంట తెలుగు మాట్లాడుకొని, కార్యాలయంలో హిందీ, కాగితాలలో ఇంగ్లీషు వాడుకొనే ఉద్యోగికి తెగిన వాక్యం రెండింతల భారం. మాతృభాషలో అయితే పోయిన మాటను చెవి తనంతట పూరించుకొంటుంది. పరాయి భాషలో ఆ వెసులుబాటు ఉండదు.

ఆ ఉద్యోగుల ఫిర్యాదులను కలిపి చూస్తే అవి మూడు తెగలుగా కనబడినవి. కొందరిది గుండ్రని ప్లగ్గుతో తగిలించే వైరు హెడ్‌ఫోను. కొందరిది యూఎస్‌బీ హెడ్‌సెట్టు. ఎక్కువ మందిది తీగ లేని బ్లూటూత్ పరికరం. మూడింటికీ "తెగిపోతున్నది" అన్న ఒకే మాట వాడుతున్నారు. కాని మూడింటిలోనూ తెగడానికి కారణాలు వేరు. కారణాలు వేరైనప్పుడు వైద్యమూ వేరే.

లోపాన్ని వెదికే క్రమం

ఏ హెడ్‌ఫోనుకైనా మొదట చేయవలసిన పరీక్ష ఒక్కటే. అదే హెడ్‌ఫోనును మరొక కంప్యూటరుకో, సెల్‌ఫోనుకో పెట్టి అరగంట వినాలి. తరువాత మరొక హెడ్‌ఫోనును అదే కంప్యూటరుకు పెట్టి అంతసేపే వినాలి. హెడ్‌ఫోను ఎక్కడికి పోయినా తెగుతూ ఉంటే లోపం దానిదే. ఏ హెడ్‌ఫోను పెట్టినా తెగుతూ ఉంటే లోపం కంప్యూటరుది. ఈ రెండు మార్పిడులు చేయకుండా కొత్తది కొనడం డబ్బు దండుగ. ఒకసారికి ఒక్క మార్పే చేయాలన్నది రెండవ నియమం. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే, బాగుపడినా దేని వల్ల బాగుపడినదో తెలియదు. అది మళ్ళీ చెడిపోయిన రోజున కథ మొదటికి వస్తుంది.

గుండ్రని ప్లగ్గు విషయం చూద్దాము. చాలా కంప్యూటర్ల సాకెట్టులో ప్లగ్గు లోపల ఉన్నదో లేదో కనిపెట్టే చిన్న ఏర్పాటు ఉంటుంది. ప్లగ్గు వదులై కొద్దిగా కదిలినా కంప్యూటరు దానిని ఊడదీసినట్టే లెక్కించి శబ్దాన్ని స్పీకరుకు మళ్ళిస్తుంది. సాకెట్టులో దుమ్ము చేరినా ఇదే జరుగుతుంది. ప్లగ్గును వేలితో మెల్లగా తిప్పి చూస్తే ఈ లోపం బయటపడుతుంది. ప్లగ్గు మొదట్లో వైరును వంచినప్పుడు ఒక చెవిలో శబ్దం పోయి వస్తే లోపలి తీగ విరిగినదని అర్థం. వైరును చుట్టి బిగించే అలవాటు ఉన్నచోట అది విరిగేది సాధారణంగా అక్కడే. మరొక చిక్కు కూడా ఉన్నది. మైకు కలిసిన హెడ్‌సెట్టు ప్లగ్గు మీద మూడు నల్ల గీతలు, నాలుగు లోహపు భాగాలు ఉంటాయి. పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లలో శబ్దానికి ఆకుపచ్చ సాకెట్టు, మైకుకు గులాబీ సాకెట్టు వేరువేరుగా ఉంటాయి. ఒక్క ప్లగ్గును ఆకుపచ్చలో పెడితే పాఠం వినబడవచ్చును గాని, సమావేశంలో ఉద్యోగి మాట ఎవరికీ వినబడదు. అతడు మౌనంగా కూర్చొన్నాడని అధికారి అనుకొంటాడు. రెండుగా చీలే చిన్న తీగ ఒకటి కొని పెడితే తీరే లోపం ఇది.

యూఎస్‌బీ హెడ్‌సెట్టు కంప్యూటరు నుండే విద్యుత్తు తీసుకొంటుంది. ఒక యూఎస్‌బీ 2.0 సాకెట్టు నుండి ఒక పరికరం తీసుకొనదగిన విద్యుత్తు 500 మిల్లీ ఆంపియర్లు. ఒకే సాకెట్టుకు హబ్బు తగిలించి, దానికి ప్రింటరు, వేలిముద్రల పరికరం, హెడ్‌సెట్టు అన్నీ కలిపితే ఆ విద్యుత్తు చాలక పరికరాలు ఊడి తగులుతూ ఉంటాయి. అందుచేత హెడ్‌సెట్టును హబ్బుకు కాక నేరుగా కంప్యూటరు వెనుక భాగంలోని సాకెట్టుకు పెట్టాలి. ముందు భాగపు సాకెట్టులు లోపల ఒక తీగ ద్వారా కలిసి ఉంటాయి. పాత పెట్టెలలో ఆ తీగ వదులై ఉండవచ్చును. అయినా తెగుతూ ఉంటే విద్యుత్తు పొదుపు ఏర్పాటును అనుమానించాలి. విండోస్ వ్యవస్థ కదలిక లేని యూఎస్‌బీ పరికరాలను నిద్రపుచ్చుతుంది. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ అనే పేరు తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ అన్న భాగంలో, పొదుపు కోసం ఈ పరికరాన్ని ఆపివేయవచ్చునన్న వాక్యం ప్రక్కన ఉన్న టిక్కు గుర్తు తీసివేయాలి.

ఇక్కడే అసలు ప్రశ్న తలెత్తుతున్నది. ఆ టిక్కు గుర్తు తీయడానికి అడ్మినిస్ట్రేటరు అధికారం కావాలి. కార్యాలయపు కంప్యూటరు మీద ఆ అధికారం గుమాస్తాకు ఉండదు. భద్రత దృష్ట్యా ఉండకూడదని కూడా మేము ఒప్పుకొంటాము. కాని తాళం తీసే హక్కు లేనివాని మీద తలుపు తెరవలేదన్న నేరం మోపడం ఏ న్యాయం? తాళం ఎవరి చేతిలో ఉన్నదో, జవాబు చెప్పవలసినది వారే.

బ్లూటూత్ సంగతి కొంచెం విపులంగా చెప్పవలసి ఉన్నది. ఎరిక్సన్, ఐబీఎం, ఇంటెల్, నోకియా, తోషిబా అనే ఐదు సంస్థలు 1998లో కలిసి రూపొందించడం ఆరంభించిన ఈ పద్ధతి 2.4 గిగాహెర్ట్‌జ్ రేడియో పట్టీ మీద పనిచేస్తుంది. ఆ పట్టీని 79 ఛానళ్ళుగా విభజించి, సెకనుకు 1600 సార్లు ఒక ఛానల్ నుండి మరొక ఛానల్‌కు దూకుతూ శబ్దాన్ని పంపుతుంది. రద్దీ ఉన్న ఛానళ్ళను తప్పించుకొని దూకే తెలివి 2003లో దానికి అలవడినది. అయితే లైసెన్సు అక్కరలేని ఆ పట్టీ మీదనే వైఫై కూడా నడుస్తుంది. వంటింటి మైక్రోవేవ్ పొయ్యి చిమ్మే తరంగాలూ అక్కడే. శంకర్ నగర్ అపార్టుమెంటులో ఎన్ని ఇళ్ళు ఉన్నవో అన్ని వైఫైలు ఆ ఒక్క దారి మీద బండ్లు నడుపుతున్నవి. రద్దీ వేళ యార్డులో బండి ఆగినట్టు అక్కడ శబ్దం ఆగుతుంది. అది వినేవాని అజాగ్రత్త కాదు.

వేరే కారణాలు కూడా ఉన్నవి. మనిషి శరీరంలోని నీరు ఈ తరంగాలను పీల్చుకొంటుంది. కంప్యూటరు బల్ల క్రింద ఒక మూల ఉండి, మనిషి అడ్డంగా కూర్చొంటే బలం తగ్గుతుంది. యూఎస్‌బీ 3.0 పరికరాలూ, వాటి తీగలూ ఈ పట్టీలోనే రేడియో రొద పుట్టిస్తాయని 2012లో ఇంటెల్ సంస్థ స్వయంగా ఒక పత్రంలో వివరించినది. బ్లూటూత్ లేని పాత కంప్యూటరుకు చిన్న డాంగిల్ తగిలించుకొన్నవారు దానిని యూఎస్‌బీ 3.0 సాకెట్టు ప్రక్కనే పెడితే ఈ రొద నేరుగా దాని మీద పడుతుంది. మూర పొడవు ఎక్స్‌టెన్షన్ తీగతో దానిని బల్ల మీదికి తెస్తే చాలామందికి బాధ తీరుతుంది.

అందరూ మరచిపోయే కారణం మరొకటి. ఒకే హెడ్‌ఫోను కంప్యూటరుకూ, జేబులోని సెల్‌ఫోనుకూ జతకట్టి ఉంటుంది. సెల్‌ఫోనులో సందేశం మోగినా, పిలుపు వచ్చినా హెడ్‌ఫోను అటు మళ్ళిపోతుంది. పాఠం వినే సమయంలో సెల్‌ఫోనులో బ్లూటూత్ ఆపివేస్తే ఈ తగవు ఉండదు. ఇంకా కొన్ని హెడ్‌ఫోనులు కొంతసేపు శబ్దం రాకపోతే బ్యాటరీ పొదుపు కోసం తమంతట ఆరిపోతాయి. పాఠంలో చదువుకొనే పుట వచ్చి నిశ్శబ్దం కాగానే కనెక్షన్ పోయిందంటే కారణం అదే కావచ్చును. మైకు తెరిచిన వెంటనే శబ్దం డొల్లగా మారితే అది చెడిపోవడం కాదు. పాట వినే పద్ధతి నుండి మాట్లాడే పద్ధతికి బ్లూటూత్ మారినప్పుడు ధ్వని నాణ్యత తగ్గడం దాని నిర్మాణంలోనే ఉన్నది.

కనుక బ్లూటూత్ వాడేవారికి వరుస ఇది. ముందు బ్యాటరీ నిండా ఛార్జి చేయండి. సెల్‌ఫోను జత విడదీయండి. కంప్యూటరుకు దగ్గరగా, ఎదురుగా కూర్చోండి. వైఫై పెట్టెలో 5 గిగాహెర్ట్‌జ్ పట్టీ ఉంటే కంప్యూటరును దానికి మార్చండి. కంప్యూటరులో హెడ్‌ఫోను పేరును తొలగించి మళ్ళీ కొత్తగా జతచేయండి. విద్యుత్తు పొదుపు గుర్తు తీయండి. చివరకు డ్రైవరు అనే అనుసంధాన ప్రోగ్రామును తయారీదారు ఇచ్చిన కొత్త రూపానికి మార్చండి. ఇన్ని చేసినా తెగితే వైరు హెడ్‌ఫోనుకు మారండి. పరీక్ష రాసే రోజున మాత్రం మొదటి నుండే వైరుది వాడండి. వైరుకు బ్యాటరీ అయిపోదు, పొరుగింటి వైఫైతో పోటీ లేదు.

ఒక హెచ్చరిక కూడా చేయక తప్పదు. తెగి తెగి వినబడే శబ్దాన్ని పట్టుకొనడానికి ధ్వనిని పెంచుతూ పోయే అలవాటు ప్రమాదం. పెద్దలు 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి 2019లో ప్రకటించిన ప్రమాణం చెబుతున్నది. వర్క్‌షాపు రొదలో ఎనిమిది గంటలు గడిపి వచ్చిన చెవికి ఇది మరింత వర్తిస్తుంది. ఇక పట్టాల మీద, యార్డులో, గేటు దగ్గర విధిలో ఉన్నవారు ఏ కారణం చేతనైనా చెవులు మూసుకొనరాదు. పాఠం ఆగితే రేపు వినవచ్చును.

చెవి మీదనే ఆధారపడిన ఉద్యోగి

పైన చెప్పినవన్నీ కంటికి తెర కనబడే ఉద్యోగి కష్టాలు. చూపు లేని మన సహోద్యోగి స్థితిని ఆలోచించండి. అతడు స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రాము సహాయంతో పనిచేస్తాడు. తెర మీద ఉన్న ప్రతి అక్షరాన్నీ అది చదివి వినిపిస్తుంది. 2006లో ఆస్ట్రేలియాలో ఆరంభమైన ఎన్‌వీడీఏ అనే ప్రోగ్రాము ఉచితంగా లభిస్తున్నది. మనకు హెడ్‌ఫోను తెగితే పాఠం ఆగుతుంది. అతనికి తెగితే కంప్యూటరే మాయమవుతుంది. అంతకన్న ఘోరం, హెడ్‌ఫోను తెగగానే శబ్దం స్పీకరుకు మళ్ళి, ఒక ఖాతాదారుని పేరూ, నిల్వా గది అంతా వినబడుతుంది. ఖాతాదారుని గోప్యత పోతుంది. ఆ నింద కూడా ఆ ఉద్యోగి మీదనే పడుతుంది.

వికలాంగుల హక్కుల చట్టం, 2016, తన 20వ సెక్షన్‌లో ప్రభుత్వ సంస్థలు వికలాంగ ఉద్యోగులకు తగిన సౌకర్యాలూ, అనుకూలమైన వాతావరణమూ కల్పించాలని నిర్దేశించినది. తెగని హెడ్‌ఫోను ఒక్కటి ఈ సౌకర్యాలలోకి రాదని ఎవరైనా వాదించగలరా? చూపు లేని ఉద్యోగికి అది ఊతకర్ర వంటిది. విరిగిన కర్ర చేతికిచ్చి తొట్రుపడ్డావేమని అడగడం మానవత్వం అనిపించుకోదు.

చిన్న విషయమా?

కొన్ని వందల రూపాయల వస్తువు కోసం సంఘం పత్రికలో ఇంత వ్యాసమా అని అడిగేవారు ఉంటారు. జీతభత్యాలు, పింఛను, ఖాళీల భర్తీ వంటి పెద్ద సమస్యలు ముందుండగా దీనికి స్థలమెందుకని అంటారు. ఆ సమస్యల ప్రాధాన్యాన్ని మేము ఏ మాత్రం తగ్గించడం లేదు. అయితే శిక్షణ పూర్తిచేసిన లెక్కను ఉద్యోగి వార్షిక నివేదికతో ముడిపెట్టాలన్న ధోరణి బలపడుతున్న కాలమిది. ఆ ముడి పడిన చోట హెడ్‌ఫోను తెగడం పదోన్నతి తెగడం దాకా పోగలదు. నాలుగు అణాల మేకు ఊడితే గుర్రం నాడా ఊడుతుంది; నాడా ఊడిన గుర్రం దారిలో నిలిచిపోతుంది.

ఉద్యోగి కూడా కొంత జాగ్రత్త వహించాలి కదా అని మరికొందరు అంటారు. తప్పక వహించాలి. పైన చెప్పిన క్రమం అందుకే ఇచ్చినాము. తన చేతిలో ఉన్నంతవరకు చూచుకొనడం మనవారికి చేతకాని పని కాదు. స్టేషన్‌లో టోకెన్ పరికరాన్ని, తపాలా కార్యాలయంలో త్రాసును కంటికి రెప్పలా చూచుకొన్న తరగతి మనది. కాని జాగ్రత్తకు ఒక హద్దు ఉన్నది. పొరుగింటి వైఫైని ఆపే శక్తి ఉద్యోగికి లేదు. కార్యాలయపు పాత కంప్యూటరును మార్చే శక్తీ లేదు. విండోస్ 10 వ్యవస్థకు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఆ వ్యవస్థ మీదనే నడుస్తున్న కంప్యూటరు ఉంటే దాని సంగతి తేల్చవలసినది యాజమాన్యమే గాని గుమాస్తా కాదు.

మన కోర్కెలు

మేము కోరేవి అసాధ్యమైనవి కావు. అవి ఇవి.

1. కంప్యూటరు ద్వారా శిక్షణ తప్పనిసరి చేసిన ప్రతి కార్యాలయంలోనూ మైకుతో కూడిన వైరు హెడ్‌సెట్టులను శాఖ ఖర్చుతో సరఫరా చేయాలి. ఒకరు వాడినది మరొకరు వాడవలసివస్తే చెవి మీది మెత్తలను మార్చుకొనే వీలు కల్పించాలి.

2. శిక్షణా సమయాన్ని విధి సమయంగా లెక్కించాలి. ఇంటికి పోయి రాత్రివేళ సొంత కంప్యూటరు మీద, సొంత హెడ్‌ఫోనుతో పూర్తిచేయమని ఒత్తిడి చేయరాదు.

3. హెడ్‌ఫోను గాని, నెట్‌వర్కు గాని తెగిన సందర్భాలను నమోదు చేయడానికి ఒక రిజిస్టరు ఉంచాలి. అందులో నమోదైన రోజున జరిగిన పరీక్షను మళ్ళీ రాసే అవకాశం ఇవ్వాలి. పాఠాలకు తోడుగా వాటి పాఠ్యభాగాన్ని అచ్చులో గాని, తెర మీద అక్షరాలలో గాని అందించాలి.

4. విద్యుత్తు పొదుపు, డ్రైవరు వంటి సెట్టింగులను మార్చే అధికారం గల సాంకేతిక ఉద్యోగి ఫిర్యాదు అందిన గడువులోగా వచ్చి చూచే ఏర్పాటు ఉండాలి.

5. చూపు లేని ఉద్యోగులకు వారు ఎంచుకొన్న హెడ్‌ఫోనూ, దానికి తోడుగా ఒక అదనపు హెడ్‌ఫోనూ వెంటనే ఇవ్వాలి.

ఈ కోర్కెలను చర్చించడానికి వేదికలు లేకపోలేదు. రైల్వేలో 1952 నుండి శాశ్వత సంప్రదింపుల యంత్రాంగం ఉన్నది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1966 నుండి సంయుక్త సంప్రదింపుల యంత్రాంగం ఉన్నది. కాని వట్టి మాటలతో పోతే అక్కడ వినేవారు ఉండరు. "తరచు తెగుతున్నది" అన్న ఫిర్యాదుకు "పరిశీలిస్తాము" అన్న జవాబే వస్తుంది. మార్చి నెలలో ఫలానా కార్యాలయంలో ఫలానా కంప్యూటరు మీద పదకొండుసార్లు తెగినది, హెడ్‌ఫోను మార్చినా తెగినది, మరొక కంప్యూటరు మీద తెగలేదు అని కాగితం చూపితే జవాబు దాటవేయడం కష్టం.

కాబట్టి ప్రతి బ్రాంచి సభ్యుడూ నేటి నుండే ఒక చిన్న పని ఆరంభించాలని కోరుతున్నాము. ఒక నోటుపుస్తకంలో తేదీ, వేళ, కంప్యూటరు సంఖ్య, హెడ్‌ఫోను రకం, ఎంతసేపు తెగినది, ఏ మార్పిడి చేసి చూచినాము అన్న ఆరు గడులు గీసుకోండి. తెగిన ప్రతిసారీ ఒక వరుస నింపండి. ఒక నెల గడిచిన తరువాత దాని నకలును మీ బ్రాంచి కార్యదర్శికి అందజేయండి. సిగ్నల్ మెమో మీద సంతకం లేనిదే స్క్రూ కదలనీయని శాఖలలో పనిచేస్తున్నవారము మనము. మన చెవి దగ్గర తెగే తీగకు కూడా ఒక మెమో ఉండాలని అడగడం మన హక్కు.